క్యాన్సర్ మందు డీఎన్‌ఏను ఎలా పట్టుకుంటుంది? కంప్యూటర్ మోడలింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, ఎం.ఫార్మసీ చదివే పిల్లలు ప్రాజెక్టుల సీజన్ రాగానే అడిగే ప్రశ్నలివి. ఒకటి రెండు వాళ్ళ ఇంట్లోవాళ్ళు అడిగినవి కూడా ఉన్నాయి. ఎక్కువమంది తడబడే చోట కాస్త ఎక్కువ రాశాను.

ఈ మోడలింగ్ అంటే కంప్యూటర్లో అసలు ఏం చేస్తారు?

ఒక ఫైల్లో డీఎన్‌ఏలోని ఒక్కో పరమాణువు ఎక్కడుందో మూడు అంకెల్లో రాసి ఉంటుంది. ఇంకో ఫైల్లో మందు అణువు వివరం ఉంటుంది. ఈ రెండూ ఎక్కడ, ఏ కోణంలో, ఎంత గట్టిగా కలుస్తాయో లెక్కగట్టడమే పని. దీనికి మూడు స్థాయిలున్నాయి. డాకింగ్‌లో సాఫ్ట్‌వేర్ మందును లెక్కలేనన్ని రకాలుగా తిప్పి, వంచి, పెట్టి చూసి ఒక్కో అమరికకు ఒక స్కోరు ఇస్తుంది. అది నిమిషాల్లో తేలిపోతుంది. మాలిక్యులర్ డైనమిక్స్‌లో నీళ్ళు, ఉప్పు అయాన్ల మధ్య డీఎన్‌ఏనీ మందునీ కలిపి కదలనిస్తాం. దానికి రోజులు పడుతుంది. క్వాంటమ్ లెక్కల్లో ఎలక్ట్రాన్ల దాకా వెళ్తాం. అందుకే అవి కొన్ని పదుల పరమాణువులకు, మహా అయితే కొన్ని వందలకు పరిమితం. ఈ క్వాంటమ్ లెక్కనూ మామూలు భౌతిక శాస్త్రపు లెక్కనూ ఒకే అణువు మీద జోడించే పద్ధతులకు పునాది వేసినందుకే 2013లో కార్‌ప్లస్, లెవిట్, వార్షెల్‌లకు కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

అన్ని క్యాన్సర్ మందులూ డీఎన్‌ఏకే అతుక్కుంటాయా?

అతుక్కోవు. టాపిక్ ఖాయం చేసుకునే ముందే ఈ ప్రశ్న వేసుకుంటే చాలా ప్రాజెక్టులు దారి తప్పవు. యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో తయారుచేసిన మెథోట్రెక్సేట్ సంగతే చూడండి. (ఆయన పుట్టిన భీమవరం పశ్చిమ గోదావరిది, మన రణస్థలం దగ్గరి పైడిభీమవరం కాదు. ఏటా ఎవరో ఒకరు అడుగుతారు.) ఆ మందు డీఎన్‌ఏను ముట్టుకోదు. డీఎన్‌ఏ తయారీకి కావలసిన ముడిసరుకు అందకుండా డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్‌ను ఆపుతుంది.

మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చే విన్‌క్రిస్టీన్, విన్‌బ్లాస్టీన్‌లదీ ఇదే కథ. అవి పట్టుకునేది ట్యుబ్యులిన్ అనే ప్రొటీన్‌ను. అయినా విన్‌క్రిస్టీన్‌ను డీఎన్‌ఏ మీద డాక్ చేసి, "మంచి స్కోరు వచ్చింది మాస్టారూ" అని వచ్చేవాళ్ళున్నారు. రాకేం? సాఫ్ట్‌వేర్‌కి కాదనడం రాదు. ఏ రెండు ఫైళ్ళు ఇచ్చినా ఏదో ఒక అంకె చేతిలో పెడుతుంది.

డీఎన్‌ఏను పట్టుకునే మందుల్లో రకాలేమిటి?

మన శరీరంలో డీఎన్‌ఏ ఎక్కువగా బీ రూపంలో ఉంటుంది. సుమారు 20 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక్కోటి నానోమీటర్లో పదో వంతు) మందం, ఒక మెలికకు దాదాపు 10.5 బేస్ జతలు (ఎదురెదురుగా జతకట్టే ఏ, టీ, జీ, సీలే ఈ బేస్‌లు), జతకూ జతకూ మధ్య 3.4 ఆంగ్‌స్ట్రామ్‌లు. మెలిక వెంబడి వెడల్పుగా ఒకటి, సన్నగా ఒకటి, మొత్తం రెండు గాడులు సాగుతాయి. వాటినే మేజర్ గ్రూవ్, మైనర్ గ్రూవ్ అంటాం.

కొన్ని మందులు చదునైన ఉంగరాలతో బేస్ జతల మధ్యలోకి దూరతాయి, పుస్తకం పేజీల మధ్య నెమలీక దాచినట్టు. ఇదే ఇంటర్‌కలేషన్. 1961లో లియొనార్డ్ లెర్మన్ ఈ ఊహను ముందుకు తెచ్చాడు. డాక్సోరూబిసిన్, డౌనోరూబిసిన్, ఆక్టినోమైసిన్ ఈ కోవవే. దూరడానికి చోటు కావాలి కాబట్టి ఆ ఒక్కచోట 3.4 కాస్తా సుమారు 6.8 ఆంగ్‌స్ట్రామ్‌లవుతుంది, మెలిక కొంత విప్పుకుంటుంది. డిస్టమైసిన్, నెట్రాప్సిన్ లాంటివి ఏ, టీ బేస్‌లు ఎక్కువున్న చోట మైనర్ గ్రూవ్‌లో ఒదిగి కూర్చుంటాయి. ఇవి వైద్యంలో వాడే క్యాన్సర్ మందులు కావు, గ్రూవ్‌లో కూర్చోవడాన్ని అర్థం చేసుకోవడానికి వాడే నమూనాలు. సిస్‌ప్లాటిన్, మైటోమైసిన్ లాంటివి ఏకంగా రసాయన బంధమే వేసుకుంటాయి. ఈ మూడింటిలో మీ మందు ఏ కోవదో తెలియకుండా సాఫ్ట్‌వేర్ తెరవద్దు.

ఇక్కడ ఉండి ఇది చేయగలమా? సూపర్ కంప్యూటర్ కావాలా?

డాకింగ్‌కైతే అక్కర్లేదు. ఆటోడాక్ వినా అనే డాకింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. బొమ్మ చూడటానికి కైమెరా గానీ పైమాల్ ఓపెన్ సోర్స్ వెర్షన్ గానీ చాలు. డీఎన్‌ఏ నిర్మాణాలు ప్రొటీన్ డేటా బ్యాంక్‌లో, మందుల నిర్మాణాలు పబ్‌కెమ్‌లో ఎవరైనా దించుకోవచ్చు. మైనర్ గ్రూవ్ మందులకైతే ఐఐటీ ఢిల్లీలోని బయోఇన్ఫర్మాటిక్స్ సూపర్‌కంప్యూటింగ్ ఫెసిలిటీ ప్రెడిక్టా అనే సాధనాన్ని తయారుచేసింది. అది డీఎన్‌ఏ మందుల కోసమే పెట్టింది.

డైనమిక్స్‌కి వచ్చేసరికి గ్రాఫిక్స్ కార్డు ఉంటే పని బాగా తేలికవుతుంది. తమ్ముడి గేమింగ్ ల్యాప్‌టాప్ రాత్రిపూట అడిగి తెచ్చుకున్నా సరిపోతుంది. సాఫ్ట్‌వేర్‌కి ఖర్చేమీ లేదు, గ్రోమాక్స్, ఆంబర్‌టూల్స్ రెండూ ఉచితమే.

1బీఎన్ఏ మీద డాక్సోరూబిసిన్ డాక్ చేశాను. మైనర్ గ్రూవ్‌లో కూర్చుంది. మరి పుస్తకాల్లో ఇంటర్‌కలేటర్ అని ఉందేమిటి?

అందరూ వచ్చి ఆగేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చూద్దాం.

1బీఎన్ఏ అంటే 1980ల మొదట్లో డికర్సన్, డ్రూల బృందం స్ఫటికం నుంచి తేల్చిన 12 బేస్ జతల డీఎన్‌ఏ. వరస సీజీసీజీ ఏఏటీటీ సీజీసీజీ. ఇందులో ఏ మందూ లేదు, జతల మధ్య దూరం మామూలు దూరమే. డాకింగ్‌లో మనం మందును వంచుతాం, తిప్పుతాం గానీ డీఎన్‌ఏను బిగుసుకుపోయినట్టే ఉంచుతాం. 3.4 ఆంగ్‌స్ట్రామ్‌ల సందులోకి ఉంగరాల వరస దూరే మార్గమే లేదు. దూరే చోటు లేనప్పుడు సాఫ్ట్‌వేర్ తనకు కనిపించిన తర్వాతి మంచి చోటు వెతుక్కుంటుంది, అది మైనర్ గ్రూవ్. కాబట్టి మీకొచ్చిన ఫలితం మందు గుణం కాదు, మీరిచ్చిన ఫైలు గుణం. "ఈ మందు మైనర్ గ్రూవ్ బైండర్ అని తేలింది" అని థీసిస్‌లో రాస్తే వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది. పడాలి కూడా.

మరి ఏం చేయాలి? డౌనోరూబిసిన్‌తో కలిసి స్ఫటికమైన డీఎన్‌ఏ నిర్మాణాలు డేటా బ్యాంక్‌లో ఉన్నాయి. సీజీటీఏసీజీ అనే ఆరు బేస్‌ల పొట్టి ముక్క వాటిలో ఒకటి. అందులో మందు చివరి సీజీ మెట్టులో, అంటే పక్కపక్కనున్న ఆ రెండు జతల మధ్య సందులో, దూరి ఉంటుంది. దాన్ని తెరిచి ఓ పది నిమిషాలు తిప్పి చూడండి. ఉంగరాల వరస బేస్ జతల పొడవుకు దాదాపు అడ్డంగా ఉంటుంది. ఒక కొస మేజర్ గ్రూవ్ వైపు బయటికి తొంగిచూస్తుంది. డౌనోసమీన్ అనే చక్కెర భాగం మైనర్ గ్రూవ్‌లో కూర్చుంటుంది. తొమ్మిదో స్థానంలోని హైడ్రాక్సిల్ గ్వానిన్‌తో (జీ బేస్‌తో) హైడ్రోజన్ బంధాలు వేసుకుంటుంది. అంటే ఈ మందు దూరడమూ, గ్రూవ్‌లో కూర్చోవడమూ రెండూ చేస్తోంది. డాక్సోరూబిసిన్‌కూ దీనికీ తేడా పద్నాలుగో కార్బన్ మీద ఒక్క హైడ్రాక్సిల్, అంతే.

ఇప్పుడు ఆ మందును ఫైలులోంచి తీసేయండి. సందు తెరిచే ఉంటుంది. అదే మందును మళ్ళీ డాక్ చేయండి. స్ఫటికంలో ఉన్న చోటికి 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు తేడాతో వస్తే మీ సెట్టింగులు నమ్మదగ్గవి. రాకపోతే కొత్త మందు జోలికి వెళ్ళొద్దు. ఈ పరీక్ష చేయకుండా తెచ్చిన ప్రాజెక్టును నేనైతే వెనక్కి పంపుతాను.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. తెరిచిన సందు మీద వచ్చిన స్కోరునూ, 1బీఎన్ఏ మీద వచ్చిన స్కోరునూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. సందు తెరవడానికి డీఎన్‌ఏ ఖర్చుపెట్టే శక్తి కొన్ని కిలోకాలరీలు ఉంటుంది. మీరు ముందే తెరిచి ఇచ్చారు కాబట్టి ఆ ఖర్చు స్కోరులో పడలేదు.

అలాగని మైనర్ గ్రూవ్ అమరిక పూర్తిగా గాలివార్తా అంటే అదీ కాదు. బెంగళూరు ఐఐఎస్‌సీకి చెందిన బిమన్ బాగ్చీ సహరచయితగా 2008లో వచ్చిన డైనమిక్స్ పరిశోధన డౌనోమైసిన్ (డౌనోరూబిసిన్‌కే ఇంకో పేరు) దారిని లెక్కగట్టింది. మందు ముందు మైనర్ గ్రూవ్‌లో చేరి, ఆ తర్వాత ఒక అడ్డంకి దాటి జతల మధ్యకు వెళ్తుందని అందులో తేలింది. మీ డాకింగ్ చూపిస్తున్నది దారిలోని మజిలీ కావచ్చు. చేరాల్సిన ఊరు మాత్రం అది కాదు.

స్కోరు ఎంత వస్తే మంచిదంటారు?

ఇంత అని చెప్పలేం. వినా ఇచ్చే అంకె మోల్‌కు కిలోకాలరీల్లో ఉంటుంది, ఎంత ఎక్కువ మైనస్ అయితే పట్టు అంత గట్టిదని అంచనా. గది ఉష్ణోగ్రత దగ్గర సుమారు 1.36 కిలోకాలరీల తేడా అంటే పట్టు పది రెట్లు మారినట్టు. వినా తయారుచేసినవాళ్ళే తమ అంచనాలో 2.85 కిలోకాలరీల ప్రామాణిక దోషం ఉందని 2010 పేపర్లో రాశారు. అంటే వంద రెట్లు అటూ ఇటూ. అది కూడా ప్రొటీన్ల మీద తేల్చిన లెక్క, ఎందుకంటే ఆ స్కోరింగ్‌కు శిక్షణ ఇచ్చింది ప్రొటీన్–మందు జతలతోనే. డీఎన్‌ఏ ఒళ్ళంతా రుణావేశం (నెగెటివ్ ఛార్జ్) ఉన్న అణువు, దాని తీరు వేరు.

కాబట్టి మైనస్ 8.1 వచ్చిన మందుకన్నా మైనస్ 8.4 వచ్చిన మందు మెరుగని రాయకండి. దశాంశం తర్వాత ఒకటి వచ్చినా నాలుగు వచ్చినా సంబరపడేది ఏమీ లేదు. ఒకే కుటుంబంలోని మందులను, ఒకే డీఎన్‌ఏ మీద, ఒకే సెట్టింగులతో పోల్చి, పెద్ద తేడాలుంటేనే మాట్లాడండి. రన్‌ను వేర్వేరు సీడ్‌లతో (వెతుకులాట ఎక్కడ మొదలవ్వాలో నిర్ణయించే అంకెలతో) కొన్నిసార్లు తిరగెయ్యండి. ప్రతిసారీ మందు ఒక్కోచోట వాలుతుంటే చెప్పుకోదగ్గ ఫలితం లేదన్నమాట.

మందు ఫైలు తయారీలో ఏం చూసుకోవాలి?

ఆవేశం, అంటే విద్యుత్ ఛార్జ్. పబ్‌కెమ్‌లో డాక్సోరూబిసిన్ ఆవేశం లేకుండా దొరుకుతుంది. శరీరంలోని పీహెచ్ దగ్గర దాని చక్కెరలోని అమైన్ ప్రొటాన్ పట్టుకుని ప్లస్ ఒకటి అవుతుంది. రుణావేశపు డీఎన్‌ఏ దగ్గర ఆ ప్లస్ ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. డైనమిక్స్‌లో దీన్ని వదిలేస్తే మందు సందులోంచి జారిపోయినా ఆశ్చర్యం లేదు. తర్వాత చూడాల్సింది కైరాలిటీ, అంటే అణువు కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా అన్నది. రెండు డైమెన్షన్ల బొమ్మ గీసి మూడుకు మార్చేటప్పుడు చక్కెర అద్దంలో బొమ్మలా తిరగబడే ప్రమాదం ఉంది.

స్ఫటికంలోని నీళ్ళన్నీ తీసెయ్యమంటున్నారు. తీసెయ్యాలా?

యూట్యూబ్ పాఠాలన్నీ అదే చెబుతాయి. మామూలుగా తీసేస్తాం కూడా. కానీ 1బీఎన్ఏలో ఏఏటీటీ దగ్గర మైనర్ గ్రూవ్ అడుగున నీటి అణువులు వరసగా, క్రమంగా కూర్చుని ఉంటాయి. నెట్రాప్సిన్ లాంటి మందు వాటిని గెంటేసే అక్కడ కూర్చుంటుంది. ఆ గెంటివేత వల్ల కలిగే లాభం పట్టులో ఒక భాగం. తీసేయండి, కానీ ఏం తీశారో తెలిసి తీయండి.

సిస్‌ప్లాటిన్‌ను డాక్ చేయొచ్చా?

చేయకండి. 1965లో బార్నెట్ రోసెన్‌బర్గ్ బృందం బ్యాక్టీరియా మీద విద్యుత్ క్షేత్రం ప్రభావం చూద్దామని పెట్టిన ప్రయోగంలో ప్లాటినమ్ ఎలక్ట్రోడ్ల నుంచి బయటపడిన సంగతి ఇది. 1978లో అమెరికాలో మందుగా అనుమతి వచ్చింది. రక్తంలో క్లోరైడ్ ఎక్కువ కాబట్టి అక్కడ అణువు కుదురుగా ఉంటుంది. కణంలోకి వెళ్ళాక క్లోరైడ్ బాగా తక్కువ, అందుకని క్లోరిన్లు ఊడి వాటి చోట నీళ్ళు చేరతాయి. అప్పుడు ప్లాటినమ్ పక్కపక్కనున్న రెండు గ్వానిన్ల ఏడో నైట్రోజన్లకు బంధం వేసుకుంటుంది. దాంతో డీఎన్‌ఏ వంగిపోతుంది.

వినాకు బంధం తెంచడమూ రాదు, వేయడమూ రాదు. ప్లాటినమ్ పరమాణువునే అది గుర్తించదు. ఇనుమో మరోటో పెట్టి నెట్టుకొచ్చే చిట్కాలు తిరుగుతున్నాయి, వాటి జోలికి పోవద్దు. బంధం ఏర్పడటం మీద ఆసక్తి ఉంటే డీఎఫ్‌టీ (ఒక రకం క్వాంటమ్ లెక్క) చేయండి. బంధం ఏర్పడ్డాక డీఎన్‌ఏ ఎంత వంగిందో చూడాలంటే అప్పటికే బంధం ఉన్న స్ఫటిక నిర్మాణం తీసుకుని డైనమిక్స్ నడపండి.

డైనమిక్స్ ఎన్ని నానోసెకన్లు నడపాలి? మధ్యలో కరెంటు పోతే?

ముందు లెక్క చూడండి. 12 జతల డీఎన్‌ఏలో 24 న్యూక్లియోటైడ్లు, 22 ఫాస్ఫేట్లు, అంటే మైనస్ 22. డాక్సోరూబిసిన్ ఒకటి ప్లస్ ఉంటే సోడియం అయాన్లు 21 వేయాలి. ఈ ఒక్క అంకె అడిగితే చాలు, పని మీరు చేశారో ఎవరితోనైనా చేయించారో తెలిసిపోతుంది. ఆ పైన శరీరంలో ఉన్నంత ఉప్పు, చుట్టూ నీళ్ళు. పరమాణువుల మధ్య బలాలను లెక్కగట్టే సూత్రాల సెట్టును ఫోర్స్‌ఫీల్డ్ అంటారు. డీఎన్‌ఏకి పార్మ్‌బీఎస్‌సీ1 లేదా ఓఎల్15 ఫోర్స్‌ఫీల్డ్, మందుకు గాఫ్. పాత ప్రొటీన్ ఫోర్స్‌ఫీల్డ్ ఫైళ్ళతో నడిపితే ఎక్కువసేపట్లో డీఎన్‌ఏ మెలికే తేడాగా తయారవుతుంది.

ఒక్కో అడుగు 2 ఫెమ్టోసెకన్లు. 100 నానోసెకన్లంటే 5 కోట్ల అడుగులు. సందులో కూర్చున్న మందు కుదురుగా ఉందా, హైడ్రోజన్ బంధాలు నిలుస్తున్నాయా, మెలిక ఎంత విప్పుకుంది లాంటి ప్రశ్నలకు వంద, కొన్ని వందల నానోసెకన్లు పనికొస్తాయి. బయట ఉన్న మందు తనంతట తాను లోపలికి దూరడం చూద్దామంటే మాత్రం కుదరదు. ఆ పని మిల్లీసెకన్ల స్థాయిలో జరుగుతుంది, మిల్లీసెకను అంటే పది లక్షల నానోసెకన్లు. పైన చెప్పిన 2008 పరిశోధకులు అందుకే దారిని బలవంతంగా తవ్వుకునే ప్రత్యేక పద్ధతి వాడారు.

కరెంటు సంగతి: గ్రోమాక్స్ మామూలుగా పదిహేను నిమిషాలకోసారి చెక్‌పాయింట్ ఫైలు రాస్తుంది. దాన్నుంచి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఆ విరామాన్ని ఐదు నిమిషాలకు తగ్గించుకోండి, ఆ ఫైలు వేరే డిస్క్‌లో కాపీ పెట్టుకోండి. అక్టోబర్, నవంబర్లలో తుపాను కబురు రాగానే రన్ ఆపేయడం మేలు. 2018 అక్టోబర్లో తిత్లీ వచ్చినప్పుడు పలాస, వజ్రపుకొత్తూరు వైపు చాలా ఊళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు.

మందు డీఎన్‌ఏకి గట్టిగా అతుక్కుంటే క్యాన్సర్ తగ్గిపోతుందా?

ఆ రెండింటికీ మధ్య చాలా దూరం ఉంది. డాక్సోరూబిసిన్ డీఎన్‌ఏలో దూరడం ఒక్కటే దాని పని కాదు. మెలికలు విప్పడానికి టోపోఐసోమరేజ్ 2 అనే ఎంజైమ్ డీఎన్‌ఏను కోసి మళ్ళీ అతికిస్తుంది. ఆ అతికే పని మధ్యలో మందు అడ్డుపడి కోత కోతగానే మిగిలిపోయేలా చేస్తుంది. కాంప్టోథెసిన్ నుంచి వచ్చిన టోపోటెకాన్ టోపోఐసోమరేజ్ 1తో ఇదే పని చేస్తుంది. అక్కడ మందు ఎంజైమ్‌కూ డీఎన్‌ఏకూ మధ్య కోసిన చోట కూర్చుంటుంది. ఎంజైమ్ లేకుండా ఒట్టి డీఎన్‌ఏ మీద టోపోటెకాన్‌ను మోడల్ చేస్తే సగం బొమ్మే కనిపిస్తుంది.

అందుకే పెరటి మొక్కల రసాలను డీఎన్‌ఏ మీద డాక్ చేసి "క్యాన్సర్‌కు విరుగుడు దొరికింది" అని పత్రికలకు చెప్పకండి. చదివినవాళ్ళలో ఎవరో ఒకరు కీమో మానేసి ఆ ఆకు తినడం మొదలుపెడతారు.

మా నాన్నది ఉద్దానం. కిడ్నీ సమస్య ఉంది. సిస్‌ప్లాటిన్ ఇస్తామంటున్నారు. మీ కంప్యూటర్లో చూసి చెప్పగలరా?

చెప్పలేం అమ్మా. సిస్‌ప్లాటిన్ కిడ్నీలకు హాని చేస్తుందన్నది నిజం. కిడ్నీ నాళికల కణాలు కొన్ని రవాణా ప్రొటీన్ల ద్వారా దాన్ని లోపలికి ఎక్కువగా లాక్కోవడం దానికి ఒక కారణం. డీఎన్‌ఏ మోడల్‌లో అది కనిపించదు. కవిటి, సోంపేట, కంచిలి వైపు కిడ్నీ జబ్బు ఎంత ఉందో అందరికీ తెలుసు. కాబట్టి పాత క్రియాటినిన్ రిపోర్టులన్నీ తీసుకెళ్ళి క్యాన్సర్ డాక్టరుకు ముందే చూపించండి. వాళ్ళు జీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) చూసి సిస్‌ప్లాటిన్ ఇవ్వాలా, సెలైన్‌తో జాగ్రత్తగా ఇవ్వాలా, కార్బోప్లాటిన్‌కు మారాలా అన్నది తేలుస్తారు. కార్బోప్లాటిన్ మోతాదును జీఎఫ్ఆర్ బట్టే లెక్కగడతారు. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళినా ఈ కాగితాలు వెంట ఉండాలి.

ల్యాబ్‌లో ఏ పరీక్షతో సరిచూసుకోవచ్చు?

కాలేజీలో యూవీ–విజిబుల్ స్పెక్ట్రోమీటర్ ఉంటే మొదలుపెట్టొచ్చు. దూడ థైమస్ డీఎన్‌ఏ కొనుక్కుని, మందు ద్రావణంలో కొద్దికొద్దిగా కలుపుతూ పోండి. డాక్సోరూబిసిన్ 480 నానోమీటర్ల దగ్గర వెలుగు పీల్చుకుంటుంది, ఎర్రగా కనిపించేది అందుకే. డీఎన్‌ఏ కలిపేకొద్దీ ఆ శిఖరం తగ్గి, పొడవైన తరంగాల వైపు జరుగుతుంది. ఫ్లోరోమీటర్ ఉంటే దాని మెరుపు ఆరిపోవడం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. మందు దూరిందా, గ్రూవ్‌లో ఉందా అన్నదానికి స్నిగ్ధత పరీక్ష చవకైనది, గట్టిది. మందు దూరితే డీఎన్‌ఏ పొడవు పెరిగి ద్రావణం చిక్కబడుతుంది. గ్రూవ్‌లో కూర్చుంటే పెద్దగా మారదు. చేతి తొడుగులు లేకుండా ఈ మందులు ముట్టుకోవద్దు, మిగిలింది సింకులో పోయొద్దు.

దీనితో ఉద్యోగం వస్తుందా?

పైడిభీమవరం ఫార్మా యూనిట్లలో ఎక్కువ కొలువులు తయారీ, క్వాలిటీ కంట్రోల్‌లో ఉంటాయి. అక్కడ డాకింగ్ వచ్చని చెప్తే పెద్దగా ఒరిగేదేం ఉండదు, హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) నడపడం వస్తే పని దొరుకుతుంది. మోడలింగ్ ఉద్యోగాలు హైదరాబాద్, బెంగళూరుల్లో ఎక్కువ, పైథాన్, లినక్స్ తప్పనిసరి. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే మాత్రం ఈ ప్రాజెక్టు మంచి పునాది.

థీసిస్‌లో తప్పనిసరిగా ఏం రాయాలి?

డీఎన్‌ఏ ఫైలు కోడ్, అందులో మందు ముందే ఉందా లేదా, ఏమేం తీసేశారు. మందు ఆవేశం. గ్రిడ్ పెట్టె (సాఫ్ట్‌వేర్ వెతికే పరిధి) కేంద్రం, కొలతలు, ఎగ్జాస్టివ్‌నెస్ (ఎంత క్షుణ్ణంగా వెతకాలన్న సెట్టింగు), సీడ్. తిరిగి డాక్ చేసినప్పుడు వచ్చిన తేడా ఆంగ్‌స్ట్రామ్‌లలో. డైనమిక్స్ అయితే ఫోర్స్‌ఫీల్డ్ పేరు, నీటి నమూనా, అయాన్ల సంఖ్య, ఎన్నిసార్లు వేర్వేరుగా నడిపారు. రంగురంగుల బొమ్మలు రెండు తగ్గించినా పర్లేదు, ఈ వివరాలు అనుబంధంలో పెట్టి ఇన్‌పుట్ ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో గైడ్‌కి ఇవ్వండి. వచ్చే ఏడాది మీ జూనియర్ అవే ఫైళ్ళు నడిపితే అదే అమరిక రావాలి.